మేనత్త వరస

"ఈ అమ్మాయి నీకు మేనత్త అవుతుందిరా!"

నాన్న ఆ మాట అనగానే నాకు కాఫీ పొలమారింది. నా పక్కన కూర్చున్న అమ్మాయి వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది, మేనత్త ఎవరైనా లోపలికి వచ్చిందేమోనని.

ఆమె ఫిజియోథెరపిస్టు. వాళ్ళ క్లినిక్ ఉన్న బిల్డింగులో లిఫ్టులు చూసే ఇంజనీరుని నేను. ఒకసారి లిఫ్టు ఆగిపోతే, లోపలి నుంచి ఆమె తిట్టిన తిట్లకే పడిపోయాను. పెళ్ళి మాట కదుపుదామని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చాను. మీ తాతగారేం చేసేవారమ్మా అని నాన్న అడిగేవరకు అంతా బాగానే ఉంది.

"టైలరండి. స్టేషను ఎదురుగా షాపు. గుమ్మం మీద పెద్ద చెక్క కత్తెర వేలాడేదట."

"కత్తెర షాపా! అది మా నాన్నకి బాబాయ్ గారిది. నా చిన్నప్పుడే మూసేసి ఎటో వెళ్ళిపోయారు. అంటే మీ నాన్న మా నాన్నకి తమ్ముడు. నువ్వు నాకు చెల్లెలివి. వీడికి..."

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న లేచి నిలబడ్డారు. "వరస కానిది జరగదు. ఈ మాట ఇంతటితో ఆపండి."

నాన్న చదువుకోలేదు. నన్ను చదివించడానికి ఆయన పడ్డ కష్టం నేను చూశాను. ఎదురు చెప్పకుండా, ఆమెని దింపి రావడానికి గొడుగు తీశాను.

బయట వాన. ఇద్దరికీ ఒకటే గొడుగు.

"అత్తా, గొడుగు కాస్త ఇటు జరుపు," అన్నాను, ఏడవలేక.

"ఇంకోసారి అన్నావంటే వానలోకి తోసేస్తా, అల్లుడూ!" అంది. అంతలోనే ఆగింది. "మా తాతయ్య మీ తాతయ్యకి బాబాయ్ అయితే, మా తాతయ్యకి ఒక అన్న ఉండాలిగా? ఆయనేగా నీ ముత్తాత. పేరేంటి?"

చప్పుడు విని ఏ మోటారో చెప్పేస్తాను గానీ, సొంత ముత్తాత పేరు తెలియదు!

"సిగ్గు లేదూ?" అంది. "మనిద్దరి నుంచి మొదలుపెట్టి పైకి వెళ్దాం. ఎవరు ఏం చెప్పినా 'మీకెవరు చెప్పారు' అని అడుగు. చూసి చెప్పేది వేరు, విని చెప్పేది వేరు."

ముందు నాన్నని అడిగాను. "తాతయ్య వాళ్ళ నాన్న పేరేంటి నాన్నా?"

"తెలియకేం... ఆయన... బాబాయ్ గారి అన్న."

"అది పేరు కాదు కదా."

"పెద్దవాళ్ళని పేరు పెట్టి అనకూడదు!" అని కసిరారు.

అత్తకి, అంటే అసలు మేనత్తకి, ఫోను చేశాను. "తాతయ్య చిన్నప్పుడే ఆయన పోయారట," అంది. ఎవరు చెప్పారంటే, మీ నాన్నే అంది. నాన్ననడిగితే అక్క చెప్పిందన్నారు.

ఇక కళ్ళారా చూసిన మనిషి ఒక్కరే మిగిలారు, ఆ టైలరుగారి భార్య. అంటే, నేను పెళ్ళాడాలనుకున్న అమ్మాయికి నాయనమ్మ. వరస నిరూపించి నా నోరు మూయించడానికి నాన్న కూడా వాళ్ళింటికి బయలుదేరారు.

పెద్దావిడ మంచం మీద కూర్చుని అంతా విన్నది. "అన్న కొడుకేంటి? మా ఆయనకి అన్నలే లేరు."

"మరి బాబాయ్ అని పిలిచేవారు కదా?" అన్నారు నాన్న.

"ఎవరు పిలవలేదు? పోస్టుమానూ బాబాయ్ అనేవాడు, పోలీసూ బాబాయ్ అనేవాడు!"

పక్కనున్న అమ్మాయి నా చెయ్యి నొక్కింది. నేను ఎగిరి గంతెయ్యబోయాను.

"మీ నాన్న ఇంత పిల్లాడప్పుడు రైలు దిగి, ఎటు పోవాలో తెలీక మా షాపు అరుగు మీద పడుకున్నాడు. అమ్మానాన్నలెవరంటే ఏడుపే. మా ఆయన కాజాలు కుట్టడం నేర్పాడు. ఎవరైనా అడిగితే మా అన్న కొడుకునని చెప్పు, ఇంకేమీ అడగరు అన్నాడు. అదే నిలిచిపోయింది," అంది పెద్దావిడ నాన్నతో.

నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. "అయితే... మేమెవరం?"

నా గంతు కాళ్ళలోనే ఆగిపోయింది. నా పెళ్ళి కోసం మా నాన్నకున్న ఒక్క చుట్టరికాన్నీ చెరిపేశాను.

"ఇంటికి పోదాం నాన్నా. నాకేమీ వద్దు," అన్నాను.

ఆ అమ్మాయి నా చెయ్యి వదిలేసింది.

"కూర్చోరా!" అంది పెద్దావిడ. నన్ను కాదు, నాన్నని.

"ఇన్నాళ్ళూ ఉత్తుత్తి చుట్టరికమేనా, నాయనమ్మా?" అన్నారు నాన్న.

"మీ నాన్న పెళ్ళిలో తండ్రిగా నిలబడింది ఎవరు? నువ్వు పుట్టినప్పుడు నీకు మొదటి చొక్కా కుట్టింది ఎవరు? అది ఉత్తుత్తిదా? రక్తం ఒక్కటే కలవలేదు. పిల్లనిస్తాం, అదీ కలుపుకుందాం."

నాన్న కళ్ళు తుడుచుకుని, గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి తండ్రి వైపు తిరిగారు. "ఏమంటావు బాబాయ్?"

"ఇంకా బాబాయ్ ఏంటండీ? బావగారూ అనండి!"

అందరం ఒక్కసారిగా నవ్వేశాం. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "నాకేమీ వద్దన్నావు కదూ? లెక్క తేలుస్తా," అంది నా చెవిలో.

క్షమించమని అడగబోతుంటే, నాన్న కుర్చీ మంచం దగ్గరికి జరుపుకోవడం కనిపించింది.

"నాయనమ్మా, మా నాన్న దిగిన రైలు ఎటు నుంచి వచ్చిందో గుర్తుందా?"

పెద్దావిడ కళ్ళు మూసుకుంది. "పొద్దుటి బండి... తూర్పు నుంచి వచ్చేది..."

నాన్న నా వైపు తిరిగారు. "చూస్తావేంరా? రాసుకో!"