నలభై ఫ్లెక్సీలు, ఒక కరెక్షన్

తడిసిన ఫ్లెక్సీని చుట్టగా చుట్టి భుజాన వేసుకుని మా ఫోటోలు, ఫ్లెక్సీల షాపులోకి వచ్చింది కల్పలత. వచ్చీ రాగానే దాన్ని నా టేబుల్ మీద పరిచింది. కీబోర్డు మీద, మౌస్ మీద, నేను సగం తిన్న సమోసా మీద నీళ్లు కారాయి.

"ఇదెవరు?" అంది.

"మీరే."

"నేనే అని నాకెర్కే. నేనెందుకున్న ఇందుల?"

చూశాను. నిజంగానే ఆమె. నాలుగడుగుల ముఖం, నోటి నిండా నవ్వు. పక్కన ఎర్ర అక్షరాలు: 'రోజూ నీళ్లు, ఇంటింటా నవ్వులు! మన శాంతిబాగ్ వార్డు.' డిజైన్ నాదే. ముఖం మాత్రం అక్కడ ఉండకూడదు.

"ఇసొంటివి నలభై ఉన్నయి తిరుమల్! మెయిన్ రోడ్డు నుంచి మా గల్లీ దాకా. మాకు నీళ్లు నాలుగొద్దులకొకసారి వస్తయి. నేనేమో స్తంభం స్తంభానికి పళ్లికిలిస్తున్న!"

మా శాంతిబాగ్ సీతాఫల్‌మండి పక్కనే. అక్కడ కల్పలతను తెలియనివాళ్లు లేరు. వార్డు ఆఫీసు ఈ ఏడాది ప్రచారానికి ఎంత ఖర్చుపెట్టిందో చెప్పమని సమాచార హక్కు కింద అడిగింది ఆమే. పన్నెండు లక్షలని జవాబొస్తే, వచ్చే ఏడాది ఆ డబ్బుతో మాకు పైపులైను వేయండని అర్జీ రాసి, ఇల్లిల్లూ తిరిగి నూట పదహారు సంతకాలు పెట్టించింది కూడా ఆమే. సోమవారం అర్జీ ఇవ్వాలి.

"ఇప్పుడందరు సంతకాలు కొట్టేయమంటున్నరు," అంది. "ఆఫీసోళ్లకు అమ్ముడువోయిన్నంట. మా గల్లీ కమలాబాయి ఆంటీ నా మొకం సుత చూస్తలేదు. కార్ఖానా ఏరియాల ఉండే మా మేనత్త ఫోన్ చేసి, ఎలక్షన్ల ఎప్పుడు నిలవడుతున్నవే అంటది. నాకేం సమజైతలేదు."

నాకూ కాలేదు. కాసేపటికి అయింది. అయ్యాక నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మా పనిలో ఒక అలవాటుంది. ముందు ఏదో ఒక ముఖం పెట్టి నమూనా పంపుతాం. దాన్ని డమ్మీ అంటాం. ఆర్డరిచ్చినవాళ్లు చూసి అసలు ఫోటో పంపితే మారుస్తాం. వార్డు ఆఫీసు సారుకు నేను డమ్మీ పంపి, 'అసలు ఫోటో పంపండి సార్' అని కూడా రాశాను. ఆ సారు తెరిచి చూశాడో లేదో, వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు కొట్టాడు. ఆ రోజు నేను సెలవు. ఓకే వచ్చింది కదా అని మా ఓనర్ ఉదయ్ భాస్కర్ నలభై ప్రింటు కొట్టించేశాడు.

అంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"సరే. ఆ డమ్మీకి నా ఫోటోనే ఎందుకు?"

"అదీ... కంప్యూటర్ల ఉండె."

"ఎందుకుండె?"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. దేవుడున్నాడు.

"ఆదివారం గల్లీల మీటింగుంది," అని లేచింది. "వచ్చి, ఇందుల నా తప్పు లేదని అందరి ముందట చెప్పు." ఫ్లెక్సీని నాకే వదిలేసి వానలోకి వెళ్లిపోయింది.

ఆ ఫోటో నా దగ్గర ఎందుకుందంటే, మూడు నెలల కిందట ఆమె పరీక్ష దరఖాస్తుకు ఫోటో దిగడానికి వచ్చింది. నేను 'రెడీ' అంటూ వెనక్కి అడుగేసి, స్టూలు తగిలి, పడబోయి, పడుతూనే బటన్ నొక్కాను. ఆమె పకపకా నవ్వింది. దరఖాస్తుకు అది పనికిరాదు కాబట్టి ఇంకోటి తీశాను. పనికిరానిదాన్ని తీసేయాలి. తీసేయలేదు. రోజూ చూస్తుంటే, నమూనాకని చెయ్యి దాని మీదికే పోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. గల్లీలో అమ్మాయిలంతా నన్ను 'తిరుమలన్నా' అంటారు. ఆమె ఒక్కసారి కూడా అన్నా అనలేదు. ఆ ఒక్క ఆధారంతో మూడు నెలలు బతికాను.

ఆదివారం గల్లీలోని నీళ్ల నల్లా దగ్గర యాభై మంది పోగయ్యారు. పైన వానకు అడ్డంగా కట్టింది కూడా ఆమె ఫ్లెక్సీయే. మోండా మార్కెట్లో కూరగాయలమ్మే మౌలా అలీ చాచా తెచ్చి కట్టాడు. "మాలు మంచిగుంది బిడ్డా, ఒక్క చుక్క కారది," అని ఆమెకే చెబుతున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె పైకి చూసింది. పైన ఆమే నవ్వుతోంది.

నేను లేచి డమ్మీ సంగతంతా చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు.

"అయితే పిల్లకు ఎంత ముట్టింది?" అంది కమలాబాయి.

"ఒక్క పైస ముట్టలే ఆంటీ. ఆమెకు తెల్వనే తెల్వది."

కల్పలత నానమ్మ బాలమ్మ అప్పటిదాకా నల్లా గద్దె మీద కూర్చుని వింటోంది. "అంత మంచిగనే ఉంది కొడుకా," అంది. "మా పిల్ల ఫోటో నీ తాన ఎందుకుండె?"

ఈసారి కరెంటు పోయినా లాభం లేదు, పట్టపగలు. అబద్ధం చెబితే ఆమె మీద అనుమానం పోదు, సంతకాలు పోతాయి. నిజం చెబితే నేను పోతాను.

"తీసెయ్యాల్నుండె అవ్వా. మనసు రాలే," అన్నాను. "ఆమె నవ్వితే నాకు మంచిగనిపిస్తది. ఉంచుకుంట అని ఆమెను అడిగే ధైర్యం లేకుండె. తప్పు మొత్తం నాది."

కల్పలత చేతిలోని సంతకాల కాగితాలతో ముఖం కప్పుకుంది.

కమలాబాయి ఆ కాగితాలు పక్కకు జరిపి ఆమె ముఖం చూసింది. "నా సంతకం కొట్టెయ్యకు బిడ్డా," అంది. "నీకు నిజంగనే తెల్వదు. ఉండనీ." తర్వాత ఇంకెవరూ కొట్టేయమనలేదు. బాలమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఛాయ్ తాగి పో," అంది. అది దీవెనో శిక్షో నాకిప్పటికీ తెలియదు.

ఛాయ్ గ్లాసు తెచ్చింది కల్పలతే.

"ఆ ఫోటో ఉందా ఇంక?"

"లేదు. నిన్ననే డిలీట్ చేసిన."

"ఎందుకు?"

"మీరు కోపంగున్నరని..."

"చెయ్యమని నేను చెప్పిన్నా?" అని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఆఫీసోళ్లు మమ్ముల అడగకుండ పైసలు పెట్టిన్రు. నువ్వు అడగకుండ ఫోటో ఉంచుకున్నవ్. ఇప్పుడు అడగకుండనే తీసేసినవ్. అడుగుడు మీకెవ్వరికీ రాదా?"

ఉంచుకున్నందుకు కోపమో, తీసేసినందుకు కోపమో అర్థమయ్యేసరికి ఛాయ్ చల్లారిపోయింది.

"ఇంకోటి తీయనా?" అని అడిగాను.

"సోమవారం. అర్జీ ఇచ్చినంక."

సోమవారం సాయంత్రం వచ్చింది, చేతిలో ముద్ర కొట్టిన కాపీతో. చూస్తామన్నారట. చూస్తారో లేదో, నూట పదహారు సంతకాలూ అలాగే ఉన్నాయి. ఆ కాపీని గుండెలకు ఆనించి నిలబడి, తనంతట తనే నవ్వింది. ఒకటే తీశాను.

"ముందు ప్రూఫ్ పంపు. చూసి చెప్త," అని వెళ్లిపోయింది.

పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. బొటనవేలు వస్తుందని ఎదురుచూశాను. ఐదు నిమిషాలు. పది. ఉదయ్ భాస్కర్ ఏదో అడిగితే మూడుసార్లు వేరే జవాబు చెప్పాను. ఆఖరికి వచ్చింది.

'ఓకే కాదు. ఒక కరెక్షన్ ఉంది. పక్కన మస్తు జాగ ఖాళీ ఉంది. రేపు ఇద్దరిది దిగుదాం. స్టూలు జెర దూరం పెట్టు.'