భీమిలి కాకి

రెండు వేల డెబ్భై ఒకటి, ఫిబ్రవరి పదకొండు. ఆ మధ్యాహ్నం జోగినాయుడి భార్య నూకరత్నం చోడి అంబలి తాగి, నెత్తళ్ళ చేపల ఇగురు నంజుకుంది. సాయంత్రానికి మనిషి లేదు. ఏడాది తిరిగింది. అదే ఇగురు, ఇంత అన్నం అరిటాకులో కట్టుకుని జోగినాయుడు విహారబండి ఎక్కాడు. పక్కన బావమరిది చిన్నంనాయుడు.

విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం ఒడ్డునే దారి. బండికి నడిపేవాడు లేడు. కిటికీలకు ఉన్నవి సొగసుటద్దాలు. బయటి చోటును అవి ఉన్నట్టు చూపవు. ఒకప్పుడు అది చాలా అందంగా ఉన్న రోజున ఎలా ఉండేదో అలా చూపిస్తాయి. తొట్లకొండ మీద వాన వెలిసిన పచ్చదనం. ఎర్రమట్టి దిబ్బల మీద మిట్టమధ్యాహ్నమే సాయంకాలపు వెలుగు. కూర్చున్నచోటే అన్నీ కనిపిస్తుంటే, దిగి చూసే అలవాటు జనానికి మెల్లగా తప్పిపోయింది.

విశాఖలో కాకి కనబడి చాలా ఏళ్ళయింది. పెద్దకర్మ నాడు పెట్టిన ముద్ద అలాగే ఎండిపోయింది. భీమిలిలో ఉన్నాయి, కళ్ళారా చూశామని ఇరుగుపొరుగంతా చెప్పారు. గోస్తని సముద్రంలో కలిసేచోట గుంపులు గుంపులట. ఈసారైనా కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషి ఆకలి తీరనట్టే.

"అక్క నా మీద కోపంతోనే పోయింది బావా," అన్నాడు చిన్నంనాయుడు. "ఆరేళ్ళు మాటల్లేవు కదేటి. ఇయాల కూడా కాకి ముట్టకపోతే..."

"కోపమా? నీ పుట్టినరోజుకి ఏటా పాయసం వండేది. నువ్వు రావు కదా, నాకే పోసేది. నా షుగరంతా నీ పుణ్యమేరా."

చిన్నంనాయుడు నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"గోస్తనీ సంగమం," అంది బండి. "ఈ చోటు లోపలి నుంచే చక్కగా కనిపిస్తుంది."

అద్దంలో తడి ఇసుక మీద కాకులు. పడవ అంచు మీద కాకులు.

"ఓలమ్మా, ఎన్నున్నాయో! నువ్వెల్లు బావా. నా మోకాళ్ళు ఇసకలో నడవలేవు. ఇక్కణ్ణించే దణ్ణమెట్టుకుంటాను."

జోగినాయుడు దిగాడు. వెనకనే తలుపు మూసుకుంది.

బయట బూడిదరంగు ఎండ. నల్లటి బురద. పడవ లేదు. ఆకాశంలో ఎక్కడా ఒక్క రెక్క లేదు. ఆకు విప్పి ఇసుక మీద పెట్టి, నూకరత్నం పిలిచినట్టే "కా, కా" అని పిలిచాడు. గొంతు పగిలింది. మళ్ళీ పిలిచాడు. కాకులు ఎప్పుడు పోయాయో ఎవరికీ తెలిసి ఉండదు. అద్దాల్లో ఎగురుతూనే ఉంటే, లేవన్న అనుమానం ఎవరికి వస్తుంది? రోడ్డు మీద బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి, కాసేపు ఆగి, వెళ్ళిపోతున్నాయి. ఎవరూ దిగలేదు.

గాలికి ఇసుక లేచి ఇగురు మీద పడింది.

"బావా!" బండి మీది మైకు గొట్టంలోంచి చిన్నంనాయుడి కేక. "ముట్టింది బావా! సూసినావా, కుడిపక్క ముద్దే ఎత్తుకుపోనాది!"

జోగినాయుడు ఉలిక్కిపడి ఆకు వంక చూశాడు. అన్నం పెట్టినది పెట్టినట్టే ఉంది. చప్పున అర్థమైంది. ఆకు పరిచి ఉంటే దాని మీద కాకి వాలడం అందమని అద్దానికి ఎవరో నేర్పి ఉంటారు.

బండి వైపు తిరిగాడు. బయటి నుంచి ఆ అద్దం నల్లగా ఉంది. అందులో తన ముఖం, వెనక ఖాళీ ఆకాశం. దాని అవతల ఒక మనిషి వెక్కి వెక్కి ఏడవడం మాత్రం వినిపిస్తోంది.

"చూశానురా," అన్నాడు.

ఆకు మీద ఇసుక కప్పి, చేతులు దులుపుకుని బండెక్కాడు.

"అక్కకి కోపం పోనాది బావా."

"ఉంటే కదరా పోవడానికి."

ఆ రాత్రి చిన్నంనాయుడు బావ ఇంట్లోనే, ముందుగదిలో పడుకున్నాడు. పడుకోగానే గురక. ఏడాదిగా అతనికి నిద్ర లేదని జోగినాయుడికి తెలుసు. దుప్పటి కాళ్ళ మీదికి లాగాడు. పెరటి గుమ్మంలో నిలబడి, కాకులున్న రోజుల్లో నూకరత్నం రోజూ మెతుకులు వేసిన పిట్టగోడను కాసేపు చూశాడు. ఆమె ఆకలి సంగతి ఇక తనకొక్కడికే తెలుసు.

బావమరిది లేవకుండా, తలుపు మెల్లగా దగ్గరికి లాగి గడియ పెట్టాడు.