అడగకుండా పోయిన పని

ఆ సోమవారం పొద్దున మద్దమ్మ కాళ్లు నేల మీద లేవు. ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకు కూతురు అరుణ, అల్లుడు యేసురత్నం, మూడేళ్ల మనవరాలు వస్తున్నారు. తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు కాల్చింది, వేరుశనక్కాయల పొడి నూరింది, ఇంటి ముందు నీళ్లు చల్లింది. అల్లుడు ఇశ్రాయేలు దేశం పోతున్నాడని ముందురోజే చర్చిలో అందరికీ చెప్పేసింది కూడా. పాస్టరుగారు లేచి స్తోత్రం చెప్పించారు. యొర్దాను నది నీళ్లు ఒక సీసాడు తెప్పించమని ఆరుగురు అడిగితే ఆరుగురికీ సరేనంది. అల్లుడు పోయేది నది గట్టుకు కాదు, పన్నెండంతస్తుల మేడలకు ఇనుప కడ్డీలు కట్టే పనికి. ఆ తేడా ఆమె తలకెక్కలేదు, ఎక్కించుకోవాలనీ ఆమెకు లేదు.

ఆదోని పత్తి మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లుగా మూటలు మోస్తున్న ఆమె మొగుడు దావీదు మాత్రం వారం రోజులుగా ముంగిలా ఉన్నాడు. అల్లుడంటే ఆయనకు ప్రాణమే. అయినా ఆ పొద్దు వాళ్లు గడపలో అడుగుపెట్టినప్పుడు మనవరాలిని ఎత్తుకున్నాడు గానీ అల్లుడి వైపు చూడలేదు.

రొట్టెలు తింటూ యేసురత్నం అసలు సంగతి చెప్పాడు. హైదరాబాదులో జరిగిన పరీక్షలో నెగ్గాడు, ఇంకో పది రోజుల్లో ప్రయాణం. ఎమ్మిగనూరులో నెలకు పది రోజులు పని దొరికితే గొప్ప. అక్కడ రెండేళ్లు కష్టపడితే సొంతంగా సెంట్రింగు సామాను కొనుక్కుని మేస్త్రీగా నిలబడతాడు. అందాకా అరుణనూ పాపనూ ఈ ఇంట్లో ఉంచుకోవాలి. మద్దమ్మ ఆ మాట పూర్తి కాకముందే తలూపింది.

దావీదు చెయ్యి కడుక్కున్నాడు.

"ఆడ ఈ పని ముందర ఎవరు చేస్తాండ్రి?" అని అడిగాడు.

యేసురత్నం దాచలేదు. తన ఊరివాడే బసన్న ఏడాదిగా అక్కడే ఉన్నాడు, అంతా ఫోనులో చెప్పాడు. ముందు ఆ పని చేసింది ఇశ్రాయేలు కట్టిన గోడకు అవతల ఉండే పాలస్తీనా వాళ్లు. చేతిలో పాసు పెట్టుకుని, తెల్లారకముందే సైన్యం కాపలాల దగ్గర వరుసలో నిలబడి వచ్చి పని చేసి పోయేవాళ్లు. యుద్ధం మొదలయ్యాక పాసులు ఆపేశారు. కట్టడాలు సగంలో నిలిచిపోయాయి. అందుకే మన దేశం నుంచి మనుషులను పిలిపిస్తున్నారు.

"అయితే నువ్వు పోయేది ఒకని స్థానంలోకి. ఆయప్పను అడిగినావా?"

ఇది దావీదుకు కొత్తగా పుట్టిన మాట కాదు. యార్డులో ఆయన హమాలీల ముఠాకు ఒక కట్టుబాటు ఉంది. రోగం వచ్చి గానీ, షావుకారుతో తగువు వచ్చి గానీ ఒక మనిషి స్థానం ఖాళీ అయితే, అందులోకి వచ్చేవాడు ముందు ఆ మనిషి ఇంటికి పోయి గడప దగ్గర నిలబడి అడగాలి. అతను పొమ్మంటేనే మూట ఎత్తాలి. అడగకుండా ఎత్తినవాడి పక్కన ఎవరూ నిలబడరు.

అరుణకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఆయప్ప ఇంటికి పోవాలంటే సైన్యం కాపలా దాటాల నాయినా. ఈయన ఎట్ల పోతాడు?"

"అడగనీకి కూడా పోలేని తావులో మనిషిని పెట్టి, ఆయప్ప పని నువ్వు చెయ్యి అంటే, అది ఎట్టాంటి పని?"

యేసురత్నం మొహం ఎర్రబడింది. "గోడ నేను కట్టలేదు మామా, పాసు నేను ఆపలేదు. ముందర బెంగళూరులో ఎవరి స్థానంలో పని చేసినానో కూడా నాకు తెల్దు. పిలిచినోళ్ల పనికి పోతాండాను, అంతే."

మద్దమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అల్లుడి మాటా నిజమే అనిపిస్తుంది, మొగుడి మాటా నిజమే అనిపిస్తుంది. అసలు అక్కడ ఎవరిది తప్పో చెప్పమని కూతురిని అడిగింది. డిగ్రీ చదివిన అరుణ తనకు తెలిసింది చెప్పింది. యూరపులో యూదులను లక్షలకు లక్షలు చంపారని, తల దాచుకునే నేల మాకంటూ ఒకటి కావాలని బతికినవాళ్లు చాలామంది అక్కడికి చేరారని, ఆ దేశం ఏర్పడే కాలంలో అప్పటికే అక్కడ ఉన్న పాలస్తీనా వాళ్లు లక్షలమంది ఇళ్లు పోగొట్టుకున్నారని చెప్పింది. మొన్న యుద్ధానికి ముందు పాలస్తీనా సాయుధులు ఇశ్రాయేలు ఊళ్లలో చొరబడి జనాన్ని చంపారని, ఎత్తుకుపోయారని, ఆ తర్వాత పాలస్తీనా వైపు పసిపిల్లలతో సహా లెక్కలేనంతమంది చచ్చిపోయారని కూడా చెప్పింది. వినేకొద్దీ మద్దమ్మకు చిక్కు విడలేదు సరికదా, ఇంకో నాలుగు ముళ్లు పడ్డాయి. ప్రతి ఆదివారం తాను వినే ఇశ్రాయేలులో కొండలూ గొర్రెలూ ఉంటాయి. ఇందులో పాసులూ గోడలూ ఉన్నాయి. దేవుడు ఏ పక్కన నిలబడి ఉంటాడో ఆమెకు అంతుపట్టలేదు.

దావీదు మాత్రం అప్పటికే తీర్పు చెప్పేశాడు. "పత్తి మిల్లు సమ్మె నాడు పని చేయనీకి వెనక గేటులో దూరినోళ్ల ఇంట్లో ఈ పొద్దుటికీ నేను నీళ్లు తాగలేదు. అట్టాంటి పనికి పోయేటోడు నా గడప తొక్కొద్దు. పిల్లను కూడా ఈడ ఇడవొద్దు."

అరుణ పాపను లాక్కుని లేచింది. యేసురత్నం సంచీ అందుకున్నాడు. మద్దమ్మ వాకిలికి అడ్డం నిలబడింది. ఇప్పుడు పోతే వీళ్లు మళ్లీ రారు. ఇరవై రెండేళ్లుగా గొంతులో అణచిపెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చేసింది.

"తాగినావు. ఇరవై రెండేండ్లుగా ఈ ఇంట్లో తాగతానే ఉండావు."

దావీదుకు అర్థం కాలేదు.

"సమ్మె నాడు నేను హొళగుందకు మిరపకాయ కోతకు పోలేదయ్యా. మిల్లుకు పోయినా. వెనక గేటులోనే. ఇరవై మూడు దినాలు, సమ్మెలో ఉండే లక్ష్మక్క స్థానంలో కూచ్చొని పత్తి ఏరినా. అరుణకు జొరం, ఇంట్లో గింజ లేదు. నువ్వు మిల్లోళ్లకు తోడుగా జెండా పట్టుకొని ముందర గేటు కాడ ఉంటివి. నీకు యాడ సెప్పేది?"

దావీదు భార్యను ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు. కొట్టినా బాగుండేదని మద్దమ్మకు అనిపించింది. ఆయన తుండు భుజాన వేసుకుని యార్డుకు పోయాడు.

మద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని పక్క వీధికి నడిచింది. వాళ్ల చర్చికే వచ్చే లక్ష్మక్క తన గడప ముందు పత్తికొండ టమోటాలు కుప్ప పోసి అమ్ముతోంది. మద్దమ్మ కూర్చోకుండా నిలబడే చెప్పింది, ఆ ఇరవై మూడు రోజుల సంగతి. చెప్పి, ఆనాడు అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నానంది.

లక్ష్మక్క చేతిలోని టమోటా తుడిచి కుప్ప మీద పెట్టింది.

"నాకు తెలుసులే. మిరపకాయ కోతకు పోయినోళ్ల తలలో దూది ఉంటాదా? బిడ్డకు జొరమని కూడా తెలుసు. అప్పుడే వచ్చి అడిగింటే పో అనేదాన్ని మద్దమ్మా. నువ్వు వస్తావని దినామూ సూసినా."

మద్దమ్మ అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. లక్ష్మక్క ఇన్నేళ్లు బాధపడింది పని పోయినందుకు కాదు, తనను మనిషిగా లెక్కలోకి తీసుకోనందుకు. కాసేపయ్యాక మద్దమ్మ, మరి మా అల్లుడు పోవచ్చా అక్కా అని అమాయకంగా అడిగింది. లక్ష్మక్క తల అడ్డంగా ఊపింది. "అది సెప్పాల్సింది నేను కాదు. ఆ గోడ అవతల ఉండే మనిషి."

సాయంత్రం దావీదు తిరిగి వచ్చేసరికి అల్లుడు ఇంకా అరుగు మీదే ఉన్నాడు. దావీదు అతని పక్కన కూర్చున్నాడు.

"పో అని నేను అనలేను. వద్దు అననీకి నాకు మొగం లేదు. నా బిడ్డ బతికింది అట్టాంటి కూటితోనే అంట. అరుణా పాపా ఈడ ఉంటారు. నువ్వు మాత్రం ఆడికి పోయినాక ఆయప్ప ఎవరో కనుక్కో. ఫోనులో దొరికినా సరే, ఆయప్ప తిట్టినా సరే, మాట్లాడు."

యేసురత్నం కళ్లు నిండాయి. తిడితే వింటానన్నాడు. వద్దంటే ఏం చేయాలో మాత్రం తనకు తెలియడం లేదన్నాడు. తనకూ తెలియదని దావీదు ఒప్పుకున్నాడు. లోపల రొట్టె చేస్తున్న మద్దమ్మకు మొగుడి గొంతు వినబడింది. ఆమెతో ఆయన ఆ పూట మాట్లాడలేదు. రొట్టె మాత్రం ఆమె వడ్డిస్తేనే తిన్నాడు.

ఆదివారం పాస్టరుగారు ఇశ్రాయేలు కోసం ప్రార్థన చేయమని మద్దమ్మనే లేపారు. ఆమె లేచి నిలబడింది. అలవాటైన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. అల్లుణ్ణి కాపాడమంది. బిడ్డలను పోగొట్టుకున్న అక్కడి తల్లులను, రెండు పక్కలవాళ్లనూ ఓదార్చమంది. చర్చి అంతా ఆమెనే చూస్తోంది.

"పని పోయిన ఆ మనిషి ఇంట్లో ఈ పొద్దు పొయ్యి వెలిగిందో లేదో మాకు తెల్దు ప్రభువా. మా అల్లుడు ఆ పనికే పోతాండాడు. ఇది తప్పో ఒప్పో నాకు తెలుస్తా లేదు. ఆయప్పను అడగలేదని మాత్రం తెలుసు."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు కూడా తటపటాయించారు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి లక్ష్మక్క ఒక్కతే గట్టిగా ఆమెన్ అని, తాను కూర్చున్న చాప మీద కొంచెం పక్కకు జరిగి మద్దమ్మను రమ్మంది.