స్టేడియం కింద మా వీధి

శనివారం మ్యాచ్ ఉందంటే మా ఊళ్ళో పొద్దున్నించే పొగ. కార్లు ఆపుకునే మైదానంలో డిక్కీలు తెరిచి, ఇనప పొయ్యిల మీద పంది పక్కటెముకలు కాలుస్తూ అందరూ పండగ చేసుకుంటారు. ఆ శనివారం మా తమ్ముడు అలొంజో కూడా మడత కుర్చీలో కూర్చుని, జట్టు టోపీ పెట్టుకుని, ఎముక చీకుతూ అవతలి జట్టు వాళ్ళని ఏడిపిస్తున్నాడు.

"ఏమయ్యా, మీ కోచ్‌కి అంత పెద్ద టోపీ ఎందుకు? మొహం దాచుకోడానికా?"

"ఆట అయ్యాక మాట్లాడు తాతా!" అన్నాడు అటువైపు కుర్రాడు.

"అయ్యాక మీరుంటే కదరా! ఏడుస్తూ బస్సెక్కేస్తారు!"

నాకూ నవ్వొచ్చింది. మతిమరుపు జబ్బు వచ్చాక వాడు పెళ్ళాం పేరు మరిచిపోయాడు గానీ, ఏ ఆటగాడి చొక్కా మీద ఏ అంకె ఉందో మరవలేదు. ఒక్కటే ఇబ్బంది. పొద్దు వాలితే చాలు, "ఇంటికి పోవాలి" అని లేచి నడక మొదలుపెడతాడు. ఉన్న ఇంటికి కాదు. పోయిన వేసవిలో రైలు పట్టాల మధ్య దొరికాడు. ఇంకోసారి తప్పిపోతే ప్రాణాలతో దొరక్కపోవచ్చని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకే, ఏమైనా సరే వాడి చెయ్యి వదలకూడదనుకుని వచ్చాను.

వాడు వెతికే ఇల్లు ఎక్కడుందో చెప్పాలి. పాఠాలు చెప్పిన నోరు, మొదటి నుంచీ చెప్తేగాని నాకు తోచదు.

ఇప్పుడు స్టేడియం ఉన్నచోట కాటర్స్ బాటమ్ ఉండేది. మా నల్లవాళ్ళ పేట. రెండు చర్చిలు, ఒక మంగలి షాపు, వరండా లేని ఇల్లంటూ లేని వీధులు. నగరం పెద్దలు దానికి 'మురికివాడ' అని పేరు పెట్టారు. ఒకసారి పేరు పెట్టాక కూల్చడం తేలిక. ఈ మాట నేను నా పిల్లలకి ఏటా చరిత్ర క్లాసులో చెప్పేదాన్ని. కూల్చే యంత్రాలు వచ్చేనాటికి నేను టీచరు చదువుకి వేరే ఊళ్ళో ఉన్నాను. అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని లేవనందట. అలొంజోయే చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయటికి తెచ్చాడు. ఆ చలికాలం అమ్మ దాటలేదు.

స్టేడియం లేచిన తర్వాత వాడు ఏటా ఉత్తరం కొసన, గోలు వెనకే సీటు తీసుకునేవాడు. "మన ఇంటి మీద కూర్చుని వాళ్ళ జట్టు కోసం ఎలా అరుస్తావురా?" అంటే, "మన ఇంటి మీద కాబట్టే అక్కా" అనేవాడు.

ఆ రోజు ఆట బాగా బిగిసింది. మా ముందు వరసలో డెషాన్ కూర్చున్నాడు. వాళ్ళమ్మకి నేనే చదువు చెప్పాను. వాడు రెఫరీ మీద గొంతు చించుకుంటున్నాడు.

"టీచరమ్మా, మీ కళ్ళద్దాలు ఓసారి ఇవ్వండి, ఆ గుడ్డి రెఫరీకి విసురుతాను!"

"నా కళ్ళద్దాలు పెడితే అసలే కనపడదు నాయనా. కూర్చో."

నవంబరు పొద్దు తొందరగా దిగిపోయింది. గడ్డి మీద నీడలు సాగాయి. అప్పుడు స్టేడియం దీపాలు ఒక్కసారిగా వెలిగాయి.

మా చిన్నప్పుడు వీధి దీపం వెలిగితే ఆట కట్టు. తల్లులు వరండాల్లోంచి పిలిచేవాళ్ళు. మా బాటమ్‌లో ఒక పద్ధతి ఉండేది: ఏ తల్లి పిలిచినా వీధిలో పిల్లలందరూ పరిగెత్తాలి. నా పేరు కాదుగా అని నిలబడితే వీపు పగిలేది. ఎందుకంటే సగం మంది తల్లులు ఇంకా తెల్లవాళ్ళ వంటిళ్ళలోనే ఉండేవాళ్ళు. పిలిచినావిడే ఆ పూటకి అందరికీ అమ్మ. తనే అన్నం పెట్టి, తనే కాళ్ళు కడిగి పడుకోబెట్టేది.

దీపాలు చూసి అలొంజో లేచాడు.

"వెలిగాయక్కా. పోదాం."

"ఆట అవనీరా." వాడి మణికట్టు పట్టుకున్నాను.

అప్పుడు వాసన వచ్చింది. మాంసం పొగ కాదు. రాక్షసి బొగ్గు పొగ... గంజి పెట్టిన బట్టల మీద వేడి ఇస్త్రీ పెట్టె ఆనించిన వాసన. దాని వెనకే, కాళ్ళ కింది కాంక్రీటులోంచి...

"లొన్... జో..."

చివర్లో కిందికి జారే ఆ గొంతు ఈ భూమ్మీద మా అమ్మ ఒక్కదానిదే.

డెషాన్ వెనక్కి తిరిగాడు. "తాతా, మిమ్మల్నెవరో పిలుస్తున్నట్టున్నారు."

మనిషి కనపడని గొంతుకి పలకకూడదని మాకు చిన్ననాడే నేర్పారు. అలొంజో నోరు తెరవబోయాడు. అరచేత్తో మూసేశాను. వాడి ఊపిరి నా వేళ్ళ మీద వేడిగా తగిలింది. సరిగ్గా అప్పుడే మా వాళ్ళు గోలు కొట్టారు. స్టేడియం మొత్తం ఎగిరింది. డెషాన్ ఆనందం పట్టలేక నన్ను అమాంతం పైకెత్తి తిప్పేశాడు.

"దించరా! దించు!"

దించాడు. పక్క సీటు ఖాళీ.

మెట్లు దిగాను. ఉడకబెట్టిన వేరుశనక్కాయల కొట్టు దాటాక, కిందికి వాలిన దారి ఒకటుంది. అక్కడ దీపాలు లేవు. గోడ పట్టుకుని దిగాను. దారి అయిపోవలసిన చోట అయిపోలేదు... ఇంకా కిందికి పోతోంది. పైన వేలమంది అరుస్తున్నారు కదా. ఏమీ వినపడటం లేదు.

దూరంగా, దారి చివర అలొంజో. టోపీ తీసి చేత్తో పట్టుకుని, బోసి గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు.

"తలుపు బిగుసుకుందక్కా. అమ్మ అటునించి లాగుతోంది."

"అది గోడరా లొంజో. ఇటు రా."

వాడు కదల్లేదు. గోడ అవతల... గొళ్ళెం లేచిన చప్పుడైంది.

పరిగెత్తి అందుకునే వయసు కాదు నాది. నా గొంతు వాడికి ఎక్కడం లేదు. వాడు వినే గొంతు ఒక్కటే ఉంది. కళ్ళు మూసుకున్నాను. నడుం మీద చెయ్యి పెట్టుకున్నాను. అమ్మ పిలిచినట్టే పిలిచాను.

"లొన్... జో... దీపం పెట్టారు! ఇంటికి రండి!"

వాడు గిరుక్కున తిరిగాడు. తల వంచుకుని, బుద్ధిగా నా దగ్గరికి వచ్చేశాడు. వాడి చెయ్యి నా చేతిలో పడ్డాక నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు వినపడింది.

గోడ అవతల అడుగులు. ఒకరివి కాదు. ఉత్త కాళ్ళు... చిన్న కాళ్ళు... అటు నుంచి, ఇటు నుంచి, మట్టి వీధిలో పరిగెత్తినట్టు. దగ్గరికొస్తున్నాయి.

'రండి' అన్నాను నేను. కాటర్స్ బాటమ్‌లో నిలబడి, దీపాలు పెట్టాక, వరండా గొంతుతో.

వెనక్కి చూడలేదు. అలొంజోని లాక్కుని ఎలా పైకి వచ్చానో, జనాన్ని ఎలా దాటానో తెలియదు. మైదానంలో, అడిగి తెచ్చుకున్న మా మనవరాలి కొత్త కారు దొరికింది. వాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించాను. నేనూ పెట్టుకున్నాను. తలుపులకి తాళం పడిన చప్పుడు విని, దేవుడా అని ఊపిరి వదిలి, కారు స్టార్ట్ చేశాను.

టింగ్... టింగ్... టింగ్...

నా ఎదుట, స్టీరింగు వెనక మూడు ఎర్ర బొమ్మలు వెలిగాయి. వెనక సీట్లో ఎవరో బెల్టు పెట్టుకోలేదని.

అద్దంలో చూశాను. సీటు ఖాళీ.

టింగ్... టింగ్...

ముప్ఫై ఏళ్ళు బడిపిల్లల్ని బస్సెక్కించిన నోరు. నా ప్రమేయం లేకుండానే అనేసింది.

"పిల్లలూ, బెల్టులు."

టక్. ఒక ఎర్ర బొమ్మ ఆరింది.

టక్. ఇంకోటి.

ఒక్కటి మాత్రం ఆరలేదు. మోగుతూనే ఉంది. అలొంజో వెనక్కి తిరగలేదు. ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ, మెల్లగా గుసగుసలాడాడు.

"ఆడు మరీ చిన్నోడక్కా. ఆడికి చెయ్యి అందదు. నువ్వే పెట్టాలి."