తాకేదాకా కదలను

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ ఇంట్లో మాత్రం పెత్తనమంతా వదినదే. కొండల్లో జనానికి దారి చూపించడం ఆవిడ పని. మరదలికి కారు నడపడం వచ్చు గానీ, సొంత వీధిలోనే దారి తప్పుతుంది. "నీకు నేర్పేలోపు నా జుట్టు నెరిసేట్టుందే!" అని వెక్కిరిస్తూనే వదిన ఆ ఆదివారం ఆమెను కొండెక్కించింది.

మ్యాప్ పరిచి, కంపాస్ పట్టుకోవడం చూపించింది. "మనసు అబద్ధమాడుతుంది. ముల్లు ఆడదు. ఇదొక్కటి గుర్తుంచుకో."

మధ్యాహ్నానికి మంచు కమ్మేసింది. తడి గడ్డి వాసన తప్ప ఇంకేమీ తెలియడం లేదు. గురి పెట్టుకోవడానికి చెట్టూ లేదు, బండా లేదు. ఒక పక్క లోయ ఉందని మ్యాప్ చెబుతోంది.

"ఇలాంటప్పుడు మనిషే గుర్తు," అంది వదిన. "నేను ముందుకెళ్తాను. కంపాస్‌కి సరిగ్గా ఎదురుగా వచ్చేదాకా ఎడమా కుడీ చేత్తో చూపించు. కుదిరాక చెయ్యెత్తి నిలబడతా. నువ్వొచ్చి తాకేదాకా కదలను. మరీ ఆలస్యం చేశావో, ఈల వేస్తా." మెడలో ఈల ఊపి నవ్వింది.

రెండుసార్లు బాగానే జరిగింది. తాకగానే "హమ్మయ్య, చెయ్యి పడిపోయింది తల్లీ!" అంటూ వదిన కదిలేది.

మూడోసారి మంచులో నీడలా నిలబడి చెయ్యెత్తింది. కంపాస్‌కి సరిగ్గా ఎదురుగా. మరదలు అడుగు వేయబోయింది...

"ఎక్కడికే?"

వెనక నుంచి. చెవి పక్కనే. వదిన గొంతు.

"వదినా? మరి అక్కడ..."

"అది నేను కాదు. అటు లోయ. ఇటు రా."

ముందున్న నీడ కదల్లేదు. చెయ్యి దించలేదు. ముందుకెళ్ళిన మనిషి వెనక నుంచి ఎలా వచ్చిందని అడగాలని కూడా మరదలికి తోచలేదు. కంపాస్ జేబులో పడేసి, అందిన చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది... మంచు కదా, అనుకుంది.

కింద కారు కనబడగానే ప్రాణం లేచొచ్చింది.

"బతికించావు వదినా!"

వదిన పక్క సీట్లో కూర్చుంది.

అప్పుడు వినిపించింది. కొండ మీంచి... సన్నగా... ఈల.

ఆగి, మళ్ళీ.

మరదలు మెల్లగా పక్కకి చూసింది. వదిన మెడలో ఈల లేదు.

"కారు పోనివ్వవే," గుసగుసగా అంది.

మరదలు జేబులోంచి కంపాస్ తీసింది. అటు తిప్పింది. ఇటు తిప్పింది. ఎటు తిప్పినా ముల్లు పక్క సీటు వైపే చూపిస్తోంది.

పైన ఈల ఆగిపోయింది.