పందిరి గుంజకు కట్టిన పీలికలు

తొంభై ఒకటి నాటి మాట. నాచారంలో అప్పట్లో కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. అయినా తారామణి పెరట్లో బీరపాదు వాడేది కాదు. బియ్యం కడిగిన నీళ్లన్నీ దానికే.

ఆ ఉదయం ఆమె పాదు దగ్గరుండగానే గేటు ముందు షాబాదు బండల బండి ఆగింది. వెనకే మేస్త్రీ పోశయ్య గడ్డపారతో వచ్చాడు.

"సారు పెరడంత బండలు పరువమన్నడమ్మా. జర పందిరి పీకెయ్యాలె."

తారామణి పందిరికి అడ్డంగా వచ్చి నిలబడింది. భర్త రామ్మోహనరావు మాత్రం అరుగుమీద నింపాదిగా కాఫీ తాగుతున్నాడు. ఆఫీసులో పదిమందిని అడిగిగానీ కాగితం కదపడు. ఇంట్లో మాత్రం ఎవర్నీ అడగడు.

ఏడాది కిందట ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషను, ఆపైన నెలన్నరపాటు రేడియేషన్ కరెంటు పెట్టడం. అప్పట్నుంచీ చెంబు ఎత్తనివ్వడు, వంగనివ్వడు. ప్రేమే, కాదనలేం. ఆమెకే ఊపిరాడటం లేదు.

"బీరకాయలు ఉప్పల్ సంతలో దొరకవా తారా? మట్టిలో ఆపరేషనైన వైపు చెయ్యి గీరుకుంటే? మళ్లీ ఏమన్నా అయితే నేను తట్టుకోలేను."

"అందుకని నన్ను మంచానికి కట్టేస్తారా? డాక్టరమ్మ నడవమంది, ఆకుకూరలు తినమంది, చెయ్యి రోజూ పైకెత్తమంది. పక్కన కూర్చుని విన్నారుగా!"

"గోడమీద వేళ్లు పాకించమంది. పెరట్లో పాట్లు పడమనలేదు."

"గోడ కాయలు కాస్తుందా అండీ?"

పోశయ్య గుంజ దగ్గర ఆగిపోయాడు. "అమ్మా, గీ పీలికలేంది? మొక్కులు గిట్ల కట్టిన్రా?"

"మొక్కులు కాదు పోశయ్యా. చెయ్యి ఎంత ఎత్తు అందితే అక్కడొకటి కట్టాను." ఆమె భర్త వైపు తిరిగింది. "నడుం దగ్గరిది ఆస్పత్రి నుంచి వచ్చిన వారానిది. ఇది, మీ చేత జడ వేయించుకున్న రోజులది. ఇదిగో, నా జడ నేనే వేసుకున్ననాటిది."

రామ్మోహనరావుకు ఆ రోజు గుర్తుంది. దువ్వెన తన చేతికివ్వలేదని నొచ్చుకున్నాడు కూడా. పందిరి దగ్గరికి వచ్చి చూశాడు. పీలికలు తన పాత లుంగీవే. ఒక్కొక్కటే తడుముతూ పైకి వెళ్లిన అతని చెయ్యి, ఆమె నుదుటి ఎత్తున ఉన్న ఆఖరి పీలిక దగ్గర ఆగింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చేతికి తొడుగు లేకుండా మట్టి ముట్టుకోకు," అన్నాడు చివరికి.

"సరే," అంది తారామణి, కొంగు కళ్లకద్దుకుంటూ.

"బండలు వాపస్ తీస్కపోవాల్నా సారూ?"

"ఒకటి పందిరి కింద వెయ్యి, అమ్మ కూర్చోడానికి. మిగతావి తీసుకుపో. వచ్చేటప్పుడు ఇంకా పొడుగు గుంజ తీసుకురా."

"ఎంత పొడుగు సారూ?"

"అమ్మ చెయ్యి పూర్తిగా ఎత్తినా, ఇంకా పైన మిగలాలి."