పొడిగానే ఉందన్నాను

నాలుగేళ్లుగా నన్నొక సందేహం వదలడం లేదు. సిగ్గుపడి ఆడిన అబద్ధాన్ని దేవుడు కాస్త వేరేగా చూస్తాడా, లేక అన్నింటినీ ఒకే గాటన కడతాడా? పొద్దున్నే చేతులు జోడించినప్పుడల్లా ఇదే అడుగుతాను. ఆయనేమీ చెప్పడు. జోడించిన చేతులకు మాత్రం చెమట పడుతుంది.

నేను ఇళ్లలో పురుగుల మందు కొట్టేవాణ్ణి. బొద్దింకలు, చీమలు, నల్లులు, చెదలు. వీపున డబ్బా, చేతిలో గొట్టం, మూతికి మాస్కు. ఆ మాస్కు వల్ల నా మొహం సరిగా చూసినవాళ్లు తక్కువ. అదీ ఒకందుకు మంచిదే అనుకునేవాణ్ణి.

ఆమెను మొదటిసారి చూసింది ఒక ఖాళీ ఫ్లాటులో. కొట్టిన మందు ఆరిపోయాక కూడా నేల మీంచి, బల్ల మీంచి మనిషి చర్మానికి ఎంత అంటుకుంటుందో కొలవడానికి ఒక ల్యాబు వాళ్లు దాన్ని అద్దెకు తీసుకున్నారు. మందు కొట్టే పని నాది, కొలిచే పని ఆమెది. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. ఆ బూట్లతో ఇవాళ ఎన్ని ఇళ్లు తిరిగారు?"

"మూడు, మేడమ్."

"అంటే మూడిళ్ల మందు మోసుకొచ్చి నా నేల మీద పెడతారన్నమాట. మీ బొద్దింకలకు నచ్చుతుందేమోగానీ నాకు నచ్చదు."

"వాటికీ నచ్చదు మేడమ్. చచ్చిపోతాయి."

నవ్వు ఆపుకోవడానికి ఆమె కింది పెదవి కొరుక్కుంది. ఆ రోజు నుంచి నేను 'బొద్దింకల డాక్టరు గారు' అయిపోయాను. మూడు వారాలు, మూడు గదులు. గది గదికీ ఆమె వెక్కిరింతలు పెరిగాయి, గది గదికీ నేను షర్టు ఇస్త్రీ చేసుకుని రావడం మొదలుపెట్టాను. మందు కొట్టేవాడికి ఇస్త్రీ ఎందుకని మా అక్క అడిగితే, కంపెనీ రూలన్నాను.

నాలుగో గది రోజున, మందు కొట్టిన టైలు మీద చేతులు ఆనించడానికి రావలసిన ఆరుగురిలో ఒకడు రాలేదు.

"డాక్టరు గారూ, మీ చెయ్యి కాస్త అప్పివ్వండి. గ్లౌజులు వేసుకునే కొట్టారుగా?"

పద్ధతి ఇదీ. ముందు సబ్బుతో చెయ్యి కడుక్కుని ఆరబెట్టుకోవాలి. ఆ శుభ్రమైన చేతిని సంచిలో పోసిన స్పిరిటుతో కడిగి, ఆ స్పిరిటు ఒక సీసాలో పోస్తారు. ముందునుంచే చేతికి మందు లేదని అది సాక్ష్యం. తర్వాత మందు కొట్టిన టైలును కాటా మీద పెట్టి, దాని మీద అరచెయ్యి పది సెకన్లు ఒకే బరువుతో నొక్కాలి. మళ్లీ ఇంకో సంచి, రెండో సీసా.

ఆమె కడుక్కొచ్చిన నా చెయ్యి చూసి, "ఆయుష్షు గీత పొడుగ్గానే ఉందే. మీ మందు మీ మీద పని చెయ్యదా?" అంది.

"పెళ్లి గీత ఉందేమో చూడండి మేడమ్."

ఎలా నోరు జారానో తెలీదు. ఆమె మొహం ఎర్రబడింది. తలెత్తకుండా, "ఆరిందా చెయ్యి?" అని అడిగింది.

"ఆరింది."

నా మణికట్టు పట్టుకుని నేరుగా తీసుకెళ్లి టైలు మీద పెట్టింది. మొదటి సీసా సంగతి ఇద్దరం మర్చిపోయాం. ఆమె వేళ్లు తగలగానే నా అరచెయ్యి నీళ్లల్లో ముంచినట్టయింది. అరచెయ్యి కిందకి ఉంది కాబట్టి ఆమెకు కనబడలేదు. బయట వాన మొదలైంది. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ ఏడు దగ్గర ఆమె గొంతు నెమ్మదించింది. పది సెకన్లు అంత తొందరగా అయిపోతాయని నాకు తెలీదు. కాగితం మీద 'చెయ్యి: పొడి' అని రాసుకుంది.

పదిహేను రోజులకు ల్యాబులో పెద్దసారు నన్ను పిలిపించారు. ఆమె గోడవార నిలబడి ఉంది.

"మిగతా అయిదుగురి చేతులకు అంటుకున్నది దాదాపు ఒకటే. నీ చేతికి మూడింతలు అంటుకుంది. మొదటి సీసా లేదు. చెయ్యి తడిగా ఉంటే ఎక్కువ అంటుకోవచ్చు, అలా అయితే మళ్లీ చేసి చూద్దాం. పొడిగానే ఉంటే మాత్రం ఈ అమ్మాయి సీసాలన్నా తారుమారు చేసుండాలి, నీ మురికి చేతినన్నా కడగకుండా పెట్టుండాలి. చెప్పు, తడా, పొడా?"

తడి అంటే, ఎందుకు తడిసిందని అడుగుతారు. గదిలో ఇంకో ముగ్గురున్నారు. ఆమె నా వంకే చూస్తోంది.

"పొడిగానే ఉంది సార్," అన్నాను.

నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. సామాను సంచితో మెట్లు దిగుతూ నాకు ఎదురుపడింది. "మీదేం తప్పు డాక్టరు గారూ, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. సీసాలు నేనే ఎక్కడో కలిపేసుంటాను," అంది. నేను పక్కకు తప్పుకుని దారిచ్చాను.

ఆ తర్వాత నాలుగేళ్లు ఏం చేశానంటే ఏమీ చెయ్యలేదు. తిన్నాను, మందు కొట్టాను, ప్రార్థన చేశాను. ప్రతి ఇంట్లో "ఆరాక ఏం కాదండీ" అని చెప్పాను. ఆమె ఒక మందుల షాపులో చేరిందని తెలుసు. ఆ వీధిలోకి మూడుసార్లు వెళ్లి, మూలమలుపు దగ్గర్నుంచే తిరిగొచ్చాను.

పోయిన నెల అక్కవాళ్ల వంటింట్లో మందు కొట్టాను. నేల ఆరిపోయింది. అక్క తొమ్మిది నెలల కూతుర్ని చంకనేసుకుని, "ఇక దీన్ని దింపొచ్చురా?" అంది. అది పిడికిలంతా నోట్లో పెట్టుకుని చొంగ కారుస్తోంది. ఆ తడి చెయ్యి చూసి ఒక్క అడుగు వెనక్కేశాను.

"ఏంరా, దెయ్యాన్ని చూసినట్టు?"

చెప్పేశాను. మొత్తం. అక్క పిల్లను దింపలేదు.

"అయితే పసిపిల్లల తడి చేతులకు ఎంత అంటుకుంటుందో నీకు నాలుగేళ్ల కిందటే తెలుసన్నమాట."

"నాకెక్కడ తెలుసు? ఆ అమ్మాయి తెలుసుకోబోయింది. నేను అడ్డంపడ్డాను."

"ఇరవై లీటర్ల డబ్బా వీపున మోస్తావు. ఒక్క మాట మొయ్యలేకపోయావురా," అంది. తిట్టుంటే బాగుండేది.

పెద్దసారు దగ్గరికి వెళ్లాను. విని కళ్లద్దాలు తుడుచుకున్నారు. టైలు తెప్పించి నా చేత పొడి చెయ్యి పదిసార్లు, తడి చెయ్యి పదిసార్లు ఆనించారు. వారం పోయాక పిలిచి, "తడి చేతికి మూడింతలే," అన్నారు. "ఆ రోజే చెప్పుంటే ఈ సంగతి ఆ అమ్మాయి పేరు మీద బయటికొచ్చేది. ఈలోపు ఇంకెవరో తేల్చేశారు. ఇప్పుడు నేను చెయ్యగలిగింది ఇంతే." తప్పు ఆమెది కాదని ఉత్తరం రాసి సంతకం పెట్టారు.

ఈసారి మూలమలుపు దాటాను.

షాపులో ఆమె మాత్రలు లెక్కపెట్టి, కవర్లోంచి బయటికి తీసి మళ్లీ లెక్కపెడుతోంది. తలెత్తి చూసింది. నవ్వలేదు. నేను ఉత్తరం ఇచ్చాను. రెండుసార్లు చదివింది.

"సీసాలు నేను కలిపెయ్యలేదా?"

"లేదు మేడమ్. నా చేతికి చెమట. నేనే అబద్ధం చెప్పాను."

"నాలుగేళ్లు," అంది మెల్లగా. "ఆ సీసాలు మనసులో ఎన్నిసార్లు వరసగా పెట్టుకున్నానో. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. పది మాత్రలు కూడా రెండుసార్లు లెక్కపెడతాను. అందరూ నవ్వుతారు."

ఉత్తరం బల్ల మీద పెట్టింది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెమటెందుకు పట్టిందని అడుగుతారని."

"ఎందుకు పట్టింది?"

పక్కన చీటీ పట్టుకుని నిలబడ్డ పెద్దావిడ, "ఆ జవాబేదో చెప్పెయ్యి నాయనా, నాకు బీపీ బిళ్లలు కావాలి," అంది.

"మీరు నా చెయ్యి పట్టుకున్నారు. పట్టుకుంటే బాగుండునని అంతకు మూడు వారాల ముందునుంచే అనుకుంటున్నాను."

ఆమె ఉత్తరం మడిచి సొరుగులో పెట్టింది. "నాకు కోపం తగ్గలేదు."

"తగ్గాలని రాలేదు మేడమ్. మీది మీకు ఇచ్చెయ్యాలని వచ్చాను."

ఆమె పెద్దావిడ చీటీ తీసుకుంది. డబ్బా దించి, ముప్పై మాత్రలు లెక్కపెట్టి కవర్లో వేసింది. కవరు వంక ఒక్క క్షణం చూసింది. మళ్లీ తెరవకుండా, దాని నోరు అంటించి ఇచ్చేసింది.